మన బృందగానం ఎవరి చెవిన పడింది? శ్రోతలను లెక్కించి కచేరీ ఫలితం తేల్చుకునే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఊళ్ళలో తెలుగు సంఘాల తరఫున బృందగాన కచేరీలు జరిపేవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటే. ‘‘జనం బాగానే వచ్చారు, చప్పట్లూ కొట్టారు. కానీ కచేరీ నిజంగా జయప్రదమైందో లేదో ఎలా తెలుస్తుంది?’’ చందా ఇచ్చిన దాతకు లెక్క చెప్పవలసి వచ్చినప్పుడు, వచ్చే ఏడాది పెద్ద హాలు తీసుకోవాలా, ఇదే చాలునా అని కమిటీలో వాదన మొదలైనప్పుడు ఈ ప్రశ్న మళ్ళీ లేస్తుంది. ఒకరు ఐదువందల మంది వచ్చారంటారు, మరొకరు రెండువందలు దాటలేదంటారు, ఇద్దరూ ఆ సాయంత్రం అదే హాలులో కూర్చున్నవారే.

లెక్క మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. మీ బృందంలో 40 మంది పాడుతున్నారనుకోండి. ఒక్కొక్కరి ఇంటి నుంచి నలుగురు వస్తే మీరు ఏ ప్రచారమూ చేయకుండానే 160 కుర్చీలు నిండుతాయి. వాళ్ళు రావడం మనకు బలమే, అందులో సందేహం లేదు, కానీ అది ప్రచారం సాధించిన ఫలితం కాదు. పాడేవారి బంధువులు కానివారు ఎంతమంది వచ్చారు, వారిలో మొదటిసారి వచ్చినవారెందరు, చివరి పాట దాకా సభ ఎంత నిలిచింది అన్నవే అసలు లెక్కలు. కింద చెప్పిన పద్ధతి అంతా వాటిని రాబట్టడానికే.

కావలసినవి

పాడని మనుషులు ఆరుగురు కావాలి. పాడేవారికి ఆ రోజు గొంతు మీద, శ్రుతి మీద ధ్యాస ఉంటుంది కనుక వారికి ఈ పని అప్పగించకూడదు. మూతలో నాణెం పట్టేంత కంత ఉన్న డబ్బాలు రెండు, గుప్పెళ్ళకొద్దీ చింతగింజలు, అన్నే శనగలు, మూడు రంగుల కరపత్రాలు, ఒక వైపు తెలుగు, మరో వైపు ఒడియా లిపిలో అచ్చయిన చిన్న ప్రశ్నల చీటీలు వంద, పెన్సిళ్ళు, ఒక గట్టి అట్ట నోటుపుస్తకం, గడియారం సిద్ధం చేసుకోండి. నొక్కితే అంకె మారే చేతి కౌంటరు దొరికితే మంచిదే, లేకపోయినా పని ఆగదు. కంప్యూటరు అవసరం లేదు.

1. ఎవరి కోసం పాడుతున్నారో కచేరీకి నెల ముందే రాసిపెట్టండి

ఎక్కువ సంఘాలు వదిలేసేది ఈ మెట్టునే. కచేరీ అయిన తరువాత వచ్చినవారిని చూసి ‘‘మేము వీరికోసమే పెట్టాము’’ అనుకోవడం తేలిక, అలా అనుకుంటే ఏ కచేరీ అయినా జయప్రదమైనట్టే కనిపిస్తుంది. కనుక ముందుగానే నోటుపుస్తకం మొదటి పేజీలో మూడు వర్గాలు రాసి, ఒక్కొక్క వర్గం నుంచి ఎంతమంది రావాలని ఆశిస్తున్నారో అంకె వేసి, కార్యదర్శి చేత సంతకం పెట్టించండి.

మన సరిహద్దు ఊళ్ళలో ఆ వర్గాలు సాధారణంగా ఇలా ఉంటాయి. మొదటిది, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకున్న పాతికేళ్ళ లోపువారు. రెండవది, పక్కింట్లో, పక్క దుకాణంలో ఉండే ఒడియా కుటుంబాలవారు. గజపతి, రాయగడ జిల్లాలలో వీరితోపాటు సవర, కోంధు కుటుంబాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మూడవది, సరిహద్దు అవతలి తెలుగువారు. పర్లాకిమిడిలో కచేరీ అంటే పాతపట్నం నుంచి, బరంపురంలో అంటే ఇచ్ఛాపురం నుంచి, రాయగడలో అంటే పార్వతీపురం నుంచి వచ్చేవారు ఎప్పుడూ కొందరుంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది, కానీ చుట్టరికాలు నేటికీ రెండు వైపులా ఉన్నాయి. అందుకే అవతలి నుంచి వచ్చినవారందరినీ కొత్త శ్రోతలుగా లెక్క వేయకండి. వారిలో చాలామంది పాడేవారి మేనమామలో, వియ్యంకులో అయి ఉంటారు.

హెచ్చరిక: మూడు వర్గాలకు మించి పెట్టుకోవద్దు. ఏడెనిమిది వర్గాలు రాసుకున్న సంఘం చివరికి ఒక్కదానినీ సరిగా లెక్కించలేదు.

2. ప్రచారం వెళ్ళిన ప్రతి దారికీ ఒక గుర్తు పెట్టండి

కరపత్రాలు మూడు రంగుల కాగితాల మీద వేయించండి. బజారులో పంచేవి పసుపు, కాలేజీలో పంచేవి గులాబీ, సరిహద్దు అవతల పంచేవి తెలుపు. రంగు కాగితానికి డబ్బు చాలకపోతే అన్నీ తెల్లగానే వేయించి, ఒక కట్టకు కుడి మూల, ఇంకో కట్టకు ఎడమ మూల కత్తిరించండి, మూడో కట్టను అలాగే వదిలేయండి. కింద ‘‘ఈ కాగితం తెచ్చినవారికి పాటల పుస్తకం ఇవ్వబడును’’ అని ఒక వాక్యం చేర్చండి. పాటల పుస్తకం అంటే ఆ రోజు పాడే పాటల సాహిత్యం అచ్చువేసిన నాలుగు పేజీల కాగితమే. దానికోసమే జనం కరపత్రాన్ని జేబులో పెట్టుకుని వస్తారు.

తిరిగి వచ్చిన కాగితాల సంఖ్య ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది, దానికి నిరాశ పడకండి. చూడవలసింది ఒక దారికీ ఇంకో దారికీ ఉన్న తేడాను. ఉదాహరణకు పసుపు కాగితాలు 400 పంచితే 12 తిరిగి వచ్చాయనుకోండి, అది నూటికి 3. గులాబీవి 100 పంచితే 14 వచ్చాయనుకోండి, అది నూటికి 14. ఇంత తేడా కనిపిస్తే వచ్చేసారి బజారు తగ్గించి కాలేజీకి ఎక్కువ కాగితాలు పంపాలని తెలుస్తుంది. ఎన్ని పంచారో ముందు రాసుకోకపోతే ఈ భాగహారం చేయలేరు కనుక, కట్టలు పంచేవారికి ఇచ్చేటప్పుడే లెక్కపెట్టి ఇవ్వండి, మిగిలినవి తిరిగి తీసుకోండి.

ఆటోకు మైకు కట్టి చేసే ప్రచారానికీ, ఫ్లెక్సీలకూ ఇలాంటి గుర్తు పెట్టడం కుదరదు. వాటి సంగతి ఐదో మెట్టులో అడిగే ప్రశ్న ద్వారానే తేలాలి.

3. తలుపు దగ్గర గింజలతో లెక్కించండి

ఒక తలుపు మాత్రమే తెరిచి ఉంచి, పక్క తలుపులు లోపలి నుంచి గడియ వేయకుండా దగ్గరగా మూసి, ఒక్కొక్కదాని దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. అగ్ని ప్రమాదం వంటిది జరిగితే క్షణంలో తెరవగలిగేలా ఉండాలి. లెక్క కోసం తలుపులకు తాళం వేయడం ఎన్నటికీ చేయరాదు.

ప్రధాన ద్వారం దగ్గర ఇద్దరు కూర్చోవాలి. ఒకరు వచ్చిన కుటుంబానికి నమస్కారం చెప్పి, ‘‘మీ ఇంటివారెవరైనా ఈ రోజు పాడుతున్నారా అండీ?’’ అని ఒక్క ప్రశ్న అడగాలి. అవునంటే ఆ కుటుంబంలో ఎంతమంది ఉన్నారో అన్ని శనగలు ఒక డబ్బాలో, కాదంటే అన్ని చింతగింజలు రెండో డబ్బాలో రెండోవారు వేయాలి. గింజలే ఎందుకని కొందరు అడుగుతారు. కాగితం మీద గీతలు గీసేవారు రద్దీ వచ్చినప్పుడు తల వంచుకుని రాస్తూ ఎదురుగా వెళ్ళినవారిని చూడరు. గింజ వేసేవారి కళ్ళు మాత్రం మనుషుల మీదే ఉంటాయి, వేళ్ళు తమ పని తాము చేసుకుంటాయి. చింతగింజ డబ్బా అడుగున ‘టక్’ మని చప్పుడు చేస్తుంది, శనగ చప్పుడు మెత్తన. రెండు మూడు నిమిషాలకే ఆ చప్పుడు తేడా చెవికి పట్టి, పొరపాటున గింజ మారితే వెంటనే తెలిసిపోతుంది.

ఇక్కడ జరిగే తప్పులు కొన్ని ఉన్నాయి. బయటికి వెళ్ళి టీ తాగి తిరిగి వచ్చినవారిని మళ్ళీ లెక్కించడం మొదటిది. బయటికి వెళ్ళేవారి చేతి మీద రబ్బరు ముద్ర ఒకటి వేస్తే ఇది ఆగుతుంది. పాడేవారిని, వాయిద్యకారులను, మైకు మనిషిని, వంటవారిని శ్రోతలలో కలపడం రెండవది. పిల్లల విషయంలో సంఘానికొక లెక్క ఉండటం మూడవది. ఐదేళ్ళు నిండిన పిల్లలనే లెక్కిస్తామని ఒకసారి నిర్ణయించుకుంటే ప్రతి కచేరీకీ అదే పాటించండి. ఏ వయసు పెట్టుకున్నారన్నదానికంటే మధ్యలో మార్చకపోవడం ముఖ్యం.

ప్రసాదం పొట్లాలనో, టీ కప్పులనో లెక్కపెట్టి అదే శ్రోతల సంఖ్య అని చెప్పే అలవాటు మనలో ఉంది. అది పనికిరాదు. పొట్లాలు ఇంటికి రెండేసి వెళ్తాయి, టీ తాగనివారు తాగరు.

4. కూర్చున్నవారిని మూడుసార్లు లెక్కించండి

తలుపు లెక్క ఎంతమంది వచ్చారో చెబుతుంది, ఎంతమంది విన్నారో చెప్పదు. అందుకే రెండో పాట మొదలైనప్పుడు ఒకసారి, కార్యక్రమం సగానికి వచ్చినప్పుడు ఒకసారి, చివరి పాటకు ముందు ఒకసారి కూర్చున్నవారిని లెక్కించాలి. హాలులో ఒక పక్క గోడ వెంట నడుస్తూ వరుసకు ఎంతమంది ఉన్నారో రాసుకోవడమే పద్ధతి. వరుసలో ఎన్ని కుర్చీలున్నాయో ముందే తెలిస్తే ఖాళీ కుర్చీలను లెక్కించి తీసివేయడం ఇంకా తేలిక. వెనక నిలబడినవారిని వేరుగా రాయండి.

కుర్చీలు ఎన్ని వేశామో అంతమంది వచ్చారనుకోవడం అన్నిటికంటే సాధారణమైన తప్పు. మేము కూడా ఒక ఏడాది ఆ తప్పు చేశాము. కుర్చీలు అద్దెకు ఇచ్చినవారి బిల్లులో 400 అని ఉంటే దాతకు పంపిన నివేదికలో నాలుగువందల మంది శ్రోతలని రాశాము. నెల తరువాత ఫొటోలు తెప్పించి చూస్తే వెనక ఐదు వరుసలు ఖాళీగా ఉన్నాయి, అంతేకాక కుర్చీలు వచ్చినవే 340. ఆ నివేదికను సవరించి మళ్ళీ పంపవలసి వచ్చింది. అప్పటి నుంచి కుర్చీలు దించేటప్పుడే లెక్కపెట్టుకుంటున్నాము.

కచేరీ ఆరుబయట, చాపల మీద జరిగితే వరుసలు ఉండవు. అప్పుడు స్థలాన్ని 10 అడుగుల చదరాలుగా ఊహించుకోండి. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జర్నలిజం బోధించిన హెర్బర్ట్ జేకబ్స్ 1960లలో విద్యార్థుల సభలను గళ్ళుగా విభజించి లెక్కించిన పద్ధతి ఇదే. మైదానం 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు ఉంటే 24 చదరాలు వస్తాయి. ముందు ఒకటి, మధ్యలో ఒకటి, వెనక ఒకటి ఎంచుకుని అందులోని తలలు లెక్కపెట్టండి. 14, 11, 5 వస్తే సగటు 10, మొత్తం సుమారు 240. వేదిక ముందు కిక్కిరిసిన చదరాన్ని ఒక్కదానినే లెక్కపెట్టి 24తో గుణిస్తే 336 అవుతుంది, దాదాపు వందమంది లేనివారు వచ్చి చేరతారు.

మధ్యలో లేచి వెళ్ళినవారందరూ విసుగుతో వెళ్ళారనుకోవద్దు. మన ఊళ్ళలో చివరి బస్సు వేళ సభను పలచబరుస్తుంది. బయట నిలబడిన మనిషి వెళ్ళేవారిని ‘‘బస్సుకాండీ?’’ అని మాత్రం అడిగి, అవునన్నవారికి ఒక గీత గీయాలి. ఆ గీతలు ఎక్కువగా ఉంటే పాటలను కాదు, మొదలుపెట్టే వేళను మార్చాలి. ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల హద్దు ఎలాగూ ఉన్నది కనుక, ఆలస్యంగా మొదలుపెట్టి ఆలస్యంగా ముగించడం రెండు విధాలా నష్టమే.

5. ప్రతి ఐదో మనిషినీ అడగండి

చీటీలు అందరికీ పంచి పెట్టెలో వేయమంటే, బాగా నచ్చినవారూ, బాగా కోపం వచ్చినవారూ, మనకు బాగా తెలిసినవారూ మాత్రమే వేస్తారు. దానికి బదులు లోపలికి వచ్చేవారిలో ప్రతి ఐదో పెద్ద మనిషికి ఒక చీటీ ఇచ్చి, విరామంలో కానీ, వెళ్ళేటప్పుడు కానీ తిరిగి తీసుకోండి. ముఖం చూసి ఎంచుకోవద్దు. నవ్వుతూ వచ్చినవారిని అడగాలని మనకు తెలియకుండానే అనిపిస్తుంది, ఐదో మనిషి అన్న నియమం దానిని ఆపుతుంది.

చీటీలో నాలుగు ప్రశ్నలకు మించి ఉండకూడదు. నేను వాడేవి ఇవి:

మా కచేరీకి రావడం ఇదే మొదటిసారా?
ఈ కార్యక్రమం గురించి మీకు ఎలా తెలిసింది?
ఈ రోజు విన్నవాటిలో మీకు గుర్తున్న పాట ఏది?
వచ్చేసారి ఒక్కటి మార్చమంటే ఏది మార్చమంటారు?

‘‘కార్యక్రమం నచ్చిందా?’’ అని అడగకండి. పిలిచి కుర్చీ వేసినవారి ముఖం మీద నచ్చలేదని చెప్పేవారు మన ప్రాంతంలో లేరు. గుర్తున్న పాట ఏదో అడిగితే నిజం దానంతటదే బయటపడుతుంది. పాట పేరు తెలియకపోయినా పల్లవిలో ఒక ముక్క రాస్తే చాలు, ‘‘ఆ చివరిది, ఆడవాళ్ళు మొదలుపెట్టినది’’ అని రాసినా చాలు. ఒక్క పాటా గుర్తులేదన్న జవాబులు సగానికి మించితే సభ నిండినా కచేరీ రక్తి కట్టలేదనే అర్థం. అలాగే ‘‘ఏమి బాగాలేదు?’’ అంటే మౌనంగా ఉండేవారు కూడా ‘‘ఒక్కటి మార్చమంటే?’’ అనేసరికి, మైకు గుయ్యిమంటోందనీ, ఉపన్యాసాలు తగ్గించమనీ వెంటనే చెబుతారు.

లిపి సంగతి ఈ ఊళ్ళలో ప్రత్యేకంగా చూసుకోవాలి. మేము మొదటిసారి చీటీలు తెలుగులో మాత్రమే అచ్చు వేయించాము. ప్లస్ టూ చదువుతున్న ఒక అమ్మాయి చీటీ తీసుకుని కాసేపు చూసి, వెనకవైపు తిప్పి, అక్కడ ఏమీ లేకపోయేసరికి జాగ్రత్తగా రెండు మడతలు పెట్టి తిరిగి నా చేతిలో పెట్టింది. ‘‘మామయ్యా, నాకు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు’’ అన్నది. ఆ పిల్ల అప్పటిదాకా ముందు వరుసలో కూర్చుని ప్రతి పాటకూ గొంతు కలిపింది. మేము ఎవరిని చేరాలని మొదటి పేజీలో రాసుకున్నామో ఆ వర్గమే మా చీటీలలో లేకుండా పోయింది. కనుక ఒక వైపు తెలుగు, మరో వైపు ఒడియా తప్పనిసరి. రెండూ చదవలేనివారు, కళ్ళజోడు తెచ్చుకోని పెద్దవారు ఉంటారు, వారిని నోటితో అడిగి మీరే రాసుకోండి. అడిగేవారు వారి భాషలోనే అడగాలి, సవర కుటుంబాల దగ్గరికి సవర మాట్లాడగలవారు వెళ్ళాలి.

ప్రత్యామ్నాయంగా క్యూఆర్ కోడ్ పెట్టి ఫోనులో జవాబులు తీసుకోవచ్చు. కుర్రవారి నుంచి జవాబులు పెరుగుతాయి, పెద్దవారి నుంచి తగ్గుతాయి. రెండూ కలిపి వాడితే ఏ జవాబు ఏ దారిలో వచ్చిందో వేరుగా రాయండి. ఫోను నంబర్లు అడగవలసి వస్తే, అవి దేనికి వాడతారో చెప్పి, వారు ఒప్పుకున్న తరువాతే తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉద్దేశమూ అదే, మర్యాద కూడా అదే.

6. ఏ పాటకు సభ ఎలా ఉన్నదో ఒకరు చూస్తూ రాయాలి

వేదిక పక్కన, శ్రోతల ముఖాలు కనిపించే చోట ఒక మనిషి కూర్చుని పాట పాటకూ మూడు విషయాలు రాసుకోవాలి: గొంతు కలిపినవారు ఏ వరుసల్లో ఉన్నారు, ఫోనులో ముఖం పెట్టినవారు పెరిగారా, పాట నడుస్తుండగా లేచినవారెందరు. చప్పట్ల మోతను కొలవవద్దు. పాడినది ఎవరి పిల్లలన్నదాన్ని బట్టి చప్పట్లు పెరుగుతాయి. ఒడియా పాట వచ్చినప్పుడు తెలుగు వరుసలు, తెలుగు పాట వచ్చినప్పుడు ఒడియా వరుసలు ఎలా ఉన్నాయో తప్పక గమనించండి. రెండు భాషల పాటలను ఏ క్రమంలో పేర్చాలో వచ్చే ఏడాది ఈ పేజీయే చెబుతుంది.

7. ఫోను లెక్కలను వేరే పేజీలో రాయండి

యూట్యూబ్‌లో ‘వ్యూస్’ అన్న అంకె తెరిచినవారిది, విన్నవారిది కాదు. దానికంటే సగటున ఎన్ని నిమిషాలు చూశారన్న అంకె మేలు, అది యూట్యూబ్ స్టూడియోలో కనిపిస్తుంది. గంటన్నర కచేరీకి సగటు రెండు నిమిషాలు ఉంటే చాలామంది తమవారు కనిపించే చోటు చూసి ఆపేశారన్నమాట. ప్రత్యక్ష ప్రసారమైతే ఒకే సమయంలో చూస్తున్నవారి గరిష్ఠ సంఖ్య రాసుకోండి. ఫేస్‌బుక్‌లో ఎంతమందికి చేరిందన్నది వేరు, ఎన్నిసార్లు కనిపించిందన్నది వేరు. రెండో అంకె పెద్దది కనుక దానినే నివేదికలో రాసేస్తుంటారు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పంపిన సందేశం, మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే అందుతుంది. 200 మందికి పంపామని అనుకుంటాము, నిజానికి అందినవారు చాలా తక్కువగా ఉండవచ్చు. ఈ పేజీలోని ఏ అంకెనూ హాలు లెక్కతో కలపరాదు.

8. మరునాడే పట్టిక వేసి సరిచూసుకోండి

జ్ఞాపకం తాజాగా ఉండగానే, మరునాటి సాయంత్రంలోపు గింజలు, చీటీలు, వరుసల లెక్కలు ఒక్కచోట పెట్టుకుని కూర్చోండి. ఇద్దరు వేరువేరుగా లెక్కపెట్టి, అంకెలు కలిసిన తరువాతే పుస్తకంలో ఎక్కించాలి. ఒక ఊహా ఉదాహరణతో చూపిస్తాను.

శనగలు 128, చింతగింజలు 172, మొత్తం 300. బంధువులు కానివారు 300లో 172, అంటే నూటికి 57. కూర్చున్నవారి లెక్క మూడుసార్లలో ఎక్కువది 262, చివరిది 205. 205ను 262తో భాగిస్తే నూటికి 78, ఇది సభ నిలకడ. ఖర్చు 42,000 రూపాయలైతే వచ్చిన మనిషికి 140, బంధువు కాని శ్రోతకు సుమారు 244 రూపాయలు. దాతకు రెండో అంకె చెప్పండి. మొదటిసారి వింటే ఎక్కువనిపిస్తుంది, కానీ ఆయన డబ్బు ఏ పని చేసిందో చెప్పేది అదే.

ఇప్పుడు సరిచూడటం. కూర్చున్నవారి సంఖ్య తలుపు లెక్కను ఎప్పుడూ మించకూడదు. మించితే ఏదో పక్క తలుపు నుంచి జనం వచ్చారు. తలుపు లెక్క 300 ఉండి కూర్చున్నవారు ఏ సమయంలోనూ 200 దాటకపోతే, తిరిగి వచ్చినవారిని మళ్ళీ లెక్కించారు, లేదా చాలామంది తొంగిచూసి వెళ్ళిపోయారు. బయట నిలబడిన మనిషిని అడిగితే ఏది నిజమో తేలుతుంది. ఫొటోగ్రాఫరు వెనక నుంచి తీసిన ఫొటోలో రెండు వరుసల తలలు లెక్కపెట్టి, పుస్తకంలోని ఆ వరుసల అంకెతో పోల్చడం మంచి పరీక్ష.

చీటీల విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. 60 మందికి ఇస్తే 49 మంది జవాబులిచ్చారు, వారిలో 21 మంది మొదటిసారి వచ్చామన్నారు అనుకుందాం. అది నూటికి 43. అయితే కొద్దిమందిని అడిగి అందరి గురించి చెబుతున్నాము కనుక అటూ ఇటూ తేడా ఉంటుంది. దానికి సులువైన లెక్క ఒకటి: 100ని జవాబుల సంఖ్యకు వర్గమూలంతో భాగించండి. 49కి వర్గమూలం 7, కనుక తేడా సుమారు 14. అసలు సంఖ్య 29కీ 57కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. కనుక వచ్చే ఏడాది 50 వచ్చినంత మాత్రాన పెరిగిందని ప్రకటించవద్దు, 37 వచ్చిందని దిగులు పడవద్దు. వందమంది జవాబులిస్తే తేడా 10కి తగ్గుతుంది. చింతగింజల లెక్కకు ఈ బాధ లేదు, అది అందరినీ లెక్కించినది.

పోలిక పెట్టేటప్పుడు సమానమైనవాటినే పోల్చండి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి జయంతి సందర్భంగా ఆగస్టు 29న పెట్టే కచేరీకి వానలు అడ్డు వస్తాయి, సంక్రాంతికి పెట్టేదానికి సెలవులు కలిసి వస్తాయి, బరంపురంలో ఠాకురాణి యాత్ర జరిగే ఏడాదికీ జరగని ఏడాదికీ ఆ రోజుల్లో ఊరి సందడే వేరు. పుస్తకంలో తేదీ పక్కనే వాన పడిందా, పరీక్షలు ఉన్నాయా, అదే సాయంత్రం ఊళ్ళో ఇంకేమి జరిగింది అన్నవి రాయకపోతే రెండేళ్ళ తరువాత ఆ అంకెలకు అర్థం ఉండదు.

9. నెల తరువాత మళ్ళీ ఒకసారి లెక్కించండి

కచేరీ జరిగిన 30 రోజులకు పుస్తకం మళ్ళీ తెరిచి నాలుగు అంకెలు రాయండి. సాధనకు కొత్తగా వచ్చినవారెందరు, వారిలో రెండోసారి కూడా వచ్చినవారెందరు, మా ఊళ్ళో పాడమని పిలిచినవారెందరు, పాటల సాహిత్యం కావాలని అడిగినవారెందరు. ఈ అంకెలు ఒకటి, రెండు, మూడు అన్నట్టే ఉంటాయి. నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేవి ఇవే. చీటీ మడిచి నా చేతిలో పెట్టిన ఆ అమ్మాయి మూడో వారం సాధనకు వచ్చినప్పుడు, పాటలు ఒడియా లిపిలో రాసుకుని పాడవచ్చా అని అడిగింది. ఆ నెల పేజీలో ‘‘కొత్తవారు: 1’’ అని రాసి, పక్కన ‘‘పాటల పుస్తకం ఒడియా లిపిలో కూడా వేయాలి’’ అని చేర్చాము.

ఆ పేజీ కిందనే తరువాతి కచేరీకి ఒక పేజీ తీసి మూడు వర్గాల పేర్లు, వాటి పక్కన ఖాళీ గళ్ళు గీసిపెట్టండి. గింజల డబ్బాలు రెండూ హార్మోనియం పెట్టెలోనే ఉంచండి, లేకపోతే కచేరీ రోజున దొరకవు.